మా బావగారు పట్టీ పెట్టుకున్నారు

మా బావగారు హెల్మెట్ పట్టీ పెట్టుకోకుండా బండి నడిపి తల పగలగొట్టుకున్నారని ఐనవిల్లి చుట్టుపక్కల చాలామంది అనుకుంటారు. ఆయన పనిచేసిన హైస్కూల్లో చదివిన పిల్లలు కొన్నేళ్ళపాటు ఆ మాట ఆయన నోటే విన్నారు. అది నిజం కాదు. ఆ రోజు ఆయన పట్టీ పెట్టుకున్నారు. గడ్డం కింద బకిల్ టక్కుమన్నాకే బండి స్టాండు తీసే మనిషాయన. పట్టీ పెట్టుకోలేదన్న మాట పుట్టించింది నేను. ఎందుకు పుట్టించానో, ఆ హెల్మెట్‌ని నేనేం చేశానో ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నాది ఉప్పలగుప్తం దగ్గర చిన్న ఊరు. తొంభైల మధ్యలో బహ్రెయిన్ వెళ్ళాను. ఒక హోటల్ నుంచి ఇళ్ళకీ ఆఫీసులకీ మోటారుసైకిల్ మీద భోజనాలు చేరవేసే పని. మా గదిలో కోనసీమ వాళ్ళం ఆరుగురం, మిగతావాళ్ళు కేరళ, బంగ్లాదేశ్ మనుషులు. అక్కడ హెల్మెట్ లేకుండా బండి తీయకూడదు. అందరం పెట్టుకునేవాళ్ళం, కానీ తల కోసం కాదు, పోలీసు కోసం. పరాయి దేశంలో ఉన్నవాడికి దెబ్బ తగిలితే ఆసుపత్రి కంటే ముందు వీసా గుర్తొస్తుంది. ఎండాకాలం లోపల తల ఉడికిపోయేది. అందుకని సందులోకి తిరగ్గానే హెల్మెట్ తీసి మోచేతికి తగిలించుకునేవాళ్ళం, పెద్ద రోడ్డు రాగానే మళ్ళీ తలకెక్కించేవాళ్ళం. సెలవు మీద ఊరొచ్చామంటే ఆ గొడవ కూడా లేదు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, జుట్టు గాలికెగురుతుంటే అమలాపురం బస్టాండు చుట్టూ తిరగడమే మాకు సెలవు.

హెల్మెట్ తల కోసమేనని మాకు చెప్పినవాడు మా ఫోర్మన్. కేరళ ఆయన. ఒకసారి మాలో ఒకతను మలుపులో జారి, ఫుట్‌పాత్ అంచుకి తల కొట్టుకుని, లేచి నడుచుకుంటూ వచ్చేశాడు. ఫోర్మన్ మమ్మల్నందరినీ షెడ్డులోకి పిలిచి, ఆ హెల్మెట్‌ని ఇనుప రంపంతో సగానికి కోసి చూపించాడు. పైన గట్టి డొప్ప, లోపల రెండు వేళ్ళ మందం తెల్లటి థెర్మోకోల్. దెబ్బ తగిలిన చోట థెర్మోకోల్ అణిగిపోయి ఉంది. "ఇది నలిగింది కాబట్టి వాడి పుర్రె నలగలేదు. పై డొప్ప కవరు మాత్రమే. పనిచేసేది ఇది" అన్నాడు వచ్చీరాని హిందీలో, దాన్ని బొటనవేలితో నొక్కుతూ. ఆ రోజు నుంచి నేను మోచేతికి తగిలించడం మానేశాను. నాకు తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదనే ఇదంతా ముందుగా చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక ఒక సెలవుకి ముందు అక్కకి ఫోన్ చేశాను. ఏం తెమ్మంటావని అడిగాను.

"నాకు చీరలూ వద్దు, సెంట్లూ వద్దురా. మీ బావగారికో హెల్మెట్ తే. నువ్వక్కడ పెట్టుకునేలాంటిది" అంది.

"అక్కడ దొరకవా అక్కా?"

"దొరక్కేం, రోడ్డు పక్కన బుట్టలమ్మినట్టు అమ్ముతున్నారు. అవి నేను నమ్మను. కాలవ గట్టు మీద కొబ్బరికాయల లారీలు ఎలా వస్తున్నాయో నీకు తెలీదు. ఆయన బడి నుంచి ఇంటికొచ్చేదాకా నా ప్రాణం గుమ్మంలోనే ఉంటుంది."

మంచి హెల్మెట్టే కొన్నాను. నేను పెట్టుకునేదానికంటే మంచిది.

గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాడు తన సామానుతో మాత్రమే రాడు. గదిలో అందరి సామానూ వాడి పెట్టెలోనే వస్తుంది. కాదనడానికి లేదు. రేపు నీ సామాను వాళ్ళు మోయాలి. విమానంవాడు ఒప్పుకునే బరువులో, ఒప్పుకునే రెండు అట్టపెట్టెల్లో అన్నీ పట్టాలి. అందుకే పెట్టె సర్దడం మాకొక విద్య. ఖాళీ అన్నది ఉండకూడదు. బూట్లలో సబ్బులు, కుక్కర్లో పాలపొడి, ఫ్లాస్కులో చాక్లెట్లు. హెల్మెట్ బోలుగా ఉంది కాబట్టి దాంట్లో సబ్బులు పెట్టాం. పెట్టె మూసే వేళకి గదిలో ఒకాయన వచ్చి, వాళ్ళమ్మగారికని కొన్న బీపీ మిషను నా చేతిలో పెట్టాడు. పెట్టెలో చోటు లేదు. ఆయన మొహం చూసి లేదనలేకపోయాను. హెల్మెట్ వైపు చూశాను. లోపలి థెర్మోకోల్ తీసేస్తే సబ్బులతోపాటు మిషను కూడా పడుతుంది.

చెంచా కాడతో పెకిలించాను. మూడు ముక్కలై వచ్చింది. ఊరు చేరాక, లోపలి గుడ్డకింద ఒక మెత్తటి తువ్వాలు మడత పెట్టి, గుడ్డని మళ్ళీ అంచుల్లోకి దోపేశాను. చూడ్డానికి ఏ తేడా లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఫోర్మన్ రంపం గుర్తు రాలేదని రాయడం తేలిక. గుర్తొచ్చింది. ఊళ్ళో ఎవరూ అసలు హెల్మెట్టే పెట్టుకోరు, ఈయనకి డొప్పయినా ఉంటుంది కదా అనుకున్నాను.

బావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏరా బామ్మర్దీ, నన్ను చంద్రమండలానికి పంపుతున్నావేంటి?" అన్నారు.

"మీరు అక్కడికెళ్ళినా అటెండెన్సు తీసుకోకుండా ఉండరు కదండీ" అన్నాను.

తలకి పెట్టుకుని, "అబ్బ! దూది పరుపులా ఉందిరా. మా హెడ్మాస్టరుగారు కొని మూల పడేసింది ఓసారి పెట్టి చూసేను. తల గానుగలో పెట్టినట్టుంది" అన్నారు.

"ఫారిన్ సరుకు కదండీ" అన్నాను. అక్క నవ్వుతూ చూస్తోంది.

మర్నాటి నుంచి రోజూ పెట్టుకున్నారు. టీ కొట్టు దగ్గర ఆగితే జనం వదిలేవారు కాదు. "మాస్టారూ, లోపల ఉన్నది మీరేనాండీ?" అని ఒకాయన అడిగితే, "ఆయ్, నేనేనండి. లోపల ఫేను కూడా ఉందండి" అనేవారు. ఆ మండలంలో హెల్మెట్ పెట్టుకుని బడికెళ్ళే మాస్టారు ఆయనొక్కరే. ఎవరు నవ్వినా తీసేవారు కాదు.

నా సెలవు ఇంకా అవలేదు. డిసెంబరు నెల, కోతలు అయిపోయి తారు రోడ్డు మీద సగం వెడల్పున ధాన్యం ఆరబోసే రోజులు. ఉదయం బడికి వెళ్తుంటే ఎదురుగా లారీ వచ్చింది. బావగారు పక్కకి తప్పుకుని ధాన్యం మీదకెక్కారు. ముందు చక్రం జారిపోయింది. తల కల్వర్టు గోడకి తగిలింది. ఆ ధాన్యం ఆరబోసిన రైతే ఆయన్ని ఆటోలో పడుకోబెట్టుకుని అమలాపురం ఆసుపత్రికి తెచ్చాడు. నేను వెళ్ళేసరికి ఆ రైతు వరండాలో హెల్మెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మెల్లిగానే వస్తున్నారండి మాస్టారు. పట్టీ ఊడి రాలేదండి, బిగుసుకుపోయింది. కొడవలితో కోసేమండి" అని చెప్పి, దాన్ని నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. డొప్ప పక్కన చీలి ఉంది. చీలికలోంచి నా తువ్వాలు అంచు కనపడుతోంది.

అక్క లోపలి నుంచి వచ్చింది. "హెల్మెట్ పెట్టుకున్నారు కదరా! అంత మంచిది తెచ్చేవు కదా! మరిలా ఎందుకైంది?"

నేను హెల్మెట్‌ని వీపు వెనక్కి పెట్టుకున్నాను. "పట్టీ పెట్టుకోలేదంట అక్కా. ఊడి దూరంగా పడిందంట" అన్నాను. ముందుగా ఆలోచించింది కాదు, నోటికొచ్చేసింది. అక్క మళ్ళీ అడగలేదు. తమ్ముడి మాట నమ్మింది.

మర్నాడు మధ్యాహ్నం దాన్ని కాలవలో పడేశాను. మునగలేదు. గిన్నెలా వెల్లకిలా తేలుతూ పోయింది. గట్టు వెంబడి నడిచి, కర్రతో దగ్గరకు లాగి, లోపల మట్టి నింపి మళ్ళీ వదలాల్సి వచ్చింది.

బావగారు మూడు వారాలు కాకినాడలో ఉన్నారు. బతికారు. ఎడమ చెవి వినపడదు. వాసన పూర్తిగా పోయింది. ఆ రోజు ఇంట్లో టిఫిన్ తినడం నుంచి ఆసుపత్రిలో కళ్ళు తెరవడం దాకా ఏదీ గుర్తు లేదు. తెచ్చిన రైతు ఎవరో మావాళ్ళకి తెలీదు, నేను చెప్పలేదు. కాబట్టి ఆయన కూడా నా మాటే నమ్మారు. నేను బహ్రెయిన్ వెళ్ళిపోయాను.

ఆ తర్వాత సెలవుల్లో వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో ఒకే మాట వినేవాణ్ణి. పులుసు పొయ్యి మీద మాడు వాసనొస్తున్నా అక్క వచ్చి దించేదాకా ఆయనకి తెలిసేది కాదు. అక్క విసుక్కునేది, "ఆ పట్టీ ఒక్కటి పెట్టుకునుంటే ఈ ఖర్మ ఉండేది కాదు కదండీ" అని. ఆయన తల వంచుకుని తినేవారు. ఏటా బళ్ళు తెరవగానే ప్రార్థనలో పిల్లల ముందు నిలబడి, "నేను పట్టీ పెట్టుకోలేదు, నా చెవి పోయింది. మీ నాన్నగారికి చెప్పండి" అనేవారట. తన తప్పే పాఠంగా చెప్పుకునేవారు. ఆ తప్పు ఆయనది కాదు. ఆరేళ్ళు నేను నోరు విప్పలేదు.

తిరిగొచ్చేసి అమలాపురంలో బళ్ళ విడిభాగాల కొట్టు పెట్టుకున్నాక, గల్ఫ్‌లో బండి పనికి వెళ్ళేవాళ్ళు సలహాకి నా దగ్గరకొచ్చేవారు. ఒక ఆదివారం నేను అక్క వాళ్ళింట్లో ఉండగా, బావగారు తన పాత విద్యార్థి ఒకతన్ని వెంటబెట్టుకొచ్చారు. ముప్పై ఏళ్ళు దాటినవాడు, భార్యా పిల్లలున్నవాడు.

"వీడు నా దగ్గర పదో తరగతి చదివేడురా. ఖతర్ వెళ్తున్నాడు. అక్కడి రూల్సవీ చెప్పు. నా సంగతి కూడా చెప్పు, పట్టీ పెట్టుకోపోతే ఏమవుద్దో. నేను చెప్తే మాస్టారి చాదస్తం అనుకుంటాడు."

"అలాగేం లేదండి మాస్టారూ" అన్నాడతను. నా వైపు తిరిగి, "హెల్మెట్ ఇక్కడే కొని పట్టుకెళ్దామనుకుంటున్నానండి. పెట్టెలో చోటు దండగన్నారు గానీ, లోపల ఆవకాయ ప్యాకెట్లు సర్దేయొచ్చు కదండి. ఆ తెల్ల అట్ట లాగేస్తే ఇంకా నాలుగు పడతాయంట" అన్నాడు.

"అది ముట్టుకోకు!" అన్నాను. గట్టిగా అరిచానేమో, వంటింట్లోంచి అక్క బయటికొచ్చింది. ఇక ఆగలేదు. చెంచా కాడ, బీపీ మిషను, తువ్వాలు, కొడవలి, కాలవ, అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపూ అతని మొహమే చూశాను, బావగారి వైపు చూడలేదు.

బావగారు కుర్చీ జరిపి కుడి చెవి నా వైపు తిప్పారు. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను.

"అయితే పట్టీ పెట్టుకున్నాను."

"పెట్టుకున్నారండి. బిగుసుకుపోతే కోసేరండి."

గడ్డం కింద పట్టీ ఉండే చోట వేలితో తడుముకున్నారు. తర్వాత అన్నారు, "రోజూ పెట్టుకునేవాణ్ణి, ఆ ఒక్క రోజు ఎలా మర్చిపోయేనా అని ఆరేళ్ళు బుర్ర బద్దలు కొట్టుకున్నానురా. నా మీద నాకే నమ్మకం పోయింది. గేసు కట్టేనా, తలుపేసేనా అని రెండేసి సార్లు, మూడేసి సార్లు చూసుకుంటున్నాను. చెవి పోతే పోయింది. ఇదెందుకు చేసేవు?"

అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది. "అన్నం పెట్టినప్పుడల్లా ఆయన్ని అన్నాను. ఆరేళ్ళు. నా నోటితో నువ్వనిపించేవు" అంది. లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

వచ్చినతనికి ఎటు చూడాలో తెలియలేదు. "నేను మళ్ళీ వస్తానండి మాస్టారూ" అని లేచాడు.

"కూర్చోరా. నీకు కావాల్సిన ముక్క ఇప్పుడే విన్నావు. పెట్టెలో పెట్టకు, తలకి పెట్టుకుని విమానమెక్కు. నవ్వితే నవ్వుతారు" అన్నారు బావగారు. నాతో మాత్రం ఒకటే అన్నారు. "రేపు ప్రార్థనకి రా."

వెళ్ళాను. పిల్లలందరి ముందూ నిలబడి, పేరు దాచుకోకుండా, నేను చేసింది చెప్పాను. తర్వాత బావగారు ముందుకొచ్చి, "ఇన్నేళ్ళు మీకు తప్పు చెప్పేను. నేను పట్టీ పెట్టుకున్నాను. హెల్మెట్ తీసుకుంటే లోపల వేలితో నొక్కి చూసుకోండి. మెత్తగా ఉంటే కొనొద్దు" అన్నారు. ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మరి మీకు ఆయన మీద కోపం రాలేదాండీ?"

"వచ్చింది. ఇంకా ఉంది" అన్నారాయన. పిల్లలు నవ్వబోయి ఆగిపోయారు.

ఆ బడి పిల్లలకి తెలిసింది. ఊళ్ళకి తెలియలేదు. పుట్టించిన మాట ఎంత దూరం పోయిందో, దిద్దిన మాట అంత దూరం పోలేదు. అందుకే ఇది రాశాను. కొట్టుకొచ్చి హెల్మెట్ అడిగేవాళ్ళకి దాన్ని తిరగేసి లోపల చూపించందే అమ్మను. సగానికి కోసినదొకటి గోడకి తగిలించాను. అది ఏమిటని అడిగితే ఇదంతా చెబుతాను.

అక్క నాతో చాలా నెలలు మాట్లాడలేదు. ఒకరోజు కొట్టుకి తనే ఫోన్ చేసింది. "మీ బావగారు ఇప్పుడు తలుపు ఒక్కసారే చూసుకుంటున్నారు" అంది. నేనేదో అనేలోపే పెట్టేసింది.