ముందు తాను తిని పెట్టిన ముద్ద

మా దేవదానం పెద్దనాయన మొన్న శుక్రవారం మధ్యాహ్నం ప్రభువునందు నిద్రించాడు. ఆ సమయంలో నేను ఆయన మంచం పక్కనే ఉన్నాను. అయినా ఆ మాట ఇంకా నా మనసుకు ఎక్కలేదు. ఎన్ని దెబ్బలు తిన్నా లేచి వచ్చిన మనిషి పది దినాల జ్వరానికి లేవకుండా పోతాడని ఎవరనుకుంటారు? నందికొట్కూరు చుట్టుపక్కల సంఘాలన్నిటికీ ఆయన పళ్ళులేని నోరు, వంకరపోయిన కుడిచేయి, చంకలోని రాతిగిన్నె తెలుసు. వేరుశనగ బుడ్డలు నూరి పెట్టే బుడ్డలాయన అంటే పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. తెలియనివారి కోసం మొదటే చెబుతున్నాను. ఆయన నా తండ్రిని చంపినవాడు. నేను ఆయన పెట్టిన తిండితో బతికినదాన్ని.

ఇరవై రెండేళ్లు ప్రభువు బల్ల దగ్గర రొట్టెలో పాలు పుచ్చుకోని వానికి సంఘపు సమాధుల తోటలో చోటేమిటని ఇద్దరు ముగ్గురు పెద్దలు గొణిగారు. వారు దుష్టులు కారు. వారికి తెలియనిది నాకు తెలుసు కనుక, సాక్ష్యం దాచడం పాపమని నమ్ముతాను కనుక, ఇది రాస్తున్నాను.

మా ఊళ్ళో ఇద్దరు పెద్దరైతులకు ఒక చేను గట్టు దగ్గర పంతం వచ్చింది. వారి కోసం కట్టెలు పట్టింది మాత్రం మన సంఘం మనుషులే. మా నాయన యోసేపు ఒకరి జీతగాడు, దేవదానం మరొకరి జీతగాడు. ఆ చేలో వేరుశనగ పెరుకుతున్న పొద్దున రెండు పక్షాలూ కలబడ్డాయి. దేవదానం చేతిలో గడ్డపార ఉంది. మా నాయన నెత్తిన ఒక్క దెబ్బ. ఆయన పెరికిన చెట్ల కుప్ప మీదనే పడ్డాడు. నెత్తురులో నానిన ఆ కాయలకు ఎడ్లు కూడా మూతి పెట్టలేదని మా అవ్వ చెప్పేది. అప్పటికి నేను అమ్మ కడుపులో ఐదో నెల. పెద్దరైతులిద్దరికీ గోరు కూడా విరగలేదు.

దేవదానాన్ని కర్నూలు జైల్లో పెట్టారు. అక్కడ రక్తవిరేచనాలు పట్టుకుని ఆయన ఎముకల గూడయ్యాడు. ఆస్పత్రిలో ఒక కాంపౌండరు వేయించిన బుడ్డలు మెత్తగా నూరి, బెల్లం కలిపి, వేలితో నోట్లో పెట్టి ఆయనను నిలబెట్టాడు. వాక్యం చెప్పినదీ ఆ కాంపౌండరే. రెండేళ్ల నాటికి సాక్షులెవరూ నోరు విప్పక కేసు కొట్టేశారు. నిర్దోషిగా బయటికి వచ్చిన మనిషి ఆ వచ్చే ఆదివారమే ఆరాధన మధ్యలో లేచి నిలబడ్డాడు.

“యోసేపును చంపింది నేనే. సాక్షులు చెప్పలా. నేను చెప్తాండా” అన్నాడు.

మా చిన్నాయన లూకా ఆయనను జుట్టు పట్టి ఈడ్చి, ప్రసంగ పీఠం ముందరే డొక్కలో తన్నాడు. పాస్టరుగారు అడ్డం పడుకోకపోతే అక్కడే ఇంకో ప్రాణం పోయేది. నెత్తురు తుడిచి లేపిన తరువాత రొట్టె పళ్ళెం ఆయన దగ్గరికి వచ్చింది. ఆయన చేయి చాచలేదు. “యోసేపు ఇంటామె నాతో కూచ్చోని తిన్నప్పుడు తింటానయ్యా. అంతదాకా నాకొద్దు” అన్నాడు. సహోదరునితో సమాధానపడకుండా బలిపీఠం దగ్గరికి రాకూడదన్న ఉపదేశాన్ని మనమందరం కంఠతా పట్టాము. దాన్ని తన మీద వేసుకున్నవాడిని నేను ఈయననే చూశాను.

ఆ యేడు వానలు లేవు. అమ్మకు పాలు ఎండిపోయాయి. రెండో యేడు నడుస్తున్నా నాకు నడక రాలేదు. పాదాలు ఉబ్బి, జుట్టు ఎర్రబడి, చర్మం పొలుసులుగా లేచిపోయేది. జొన్న గంజి పోస్తే కక్కేసేదాన్ని. మా నాయన పక్కన నన్నూ పూడ్చవలసి వస్తుందని అవ్వ ఏడుస్తూ ఉండేది.

అలాంటి ఇంటి గడప ముందుకు దేవదానం రాతిగిన్నెతో వచ్చాడు. వరసకు అమ్మ ఆయనకు తమ్ముని భార్య. ఆ రోజు నుంచి అమ్మా అనే పిలిచాడు. గిన్నె గడప మీద పెట్టి, అందులోంచి ముందు తానొక ముద్ద తీసుకున్నాడు. “ఇదో, నేను తింటాండా, చూడమ్మా. విషముంటే నేనే ముందు సస్తా. నేను సస్తే పాపకు పెట్టద్దు” అన్నాడు. అమ్మ చీపురు తిరగేసి ముఖం మీద కొట్టింది. రెండో రోజు రాయి విసిరితే కనుబొమ చీలింది. మూడో రోజు రోకలితో లూకా చిన్నాయన ఎదురుగా నిలబడ్డాడు.

“మా అన్నను మింగిన నోరు ఇదేనా? ఇంగా ఆకలి తీరలేదా?” అని ఆ రోకలి పోటు నోటి మీదనే వేశాడు. పళ్ళు రాలి గిన్నెలో పడ్డాయి. గిన్నె బోర్లాపడి ముద్ద నేలపాలయింది. ఆ నేల మీద పాకుతూ పోయి నేను దాన్ని నాకానట. అమ్మ నన్ను చెంప మీద కొట్టి, నోట్లో వేలు పెట్టి లాగబోతే ఆ వేలు కొరికానట. సాయంత్రం దాకా అమ్మ నా వాంతి కోసం ఎదురు చూసింది. వాంతి కాలేదు. చాలా రోజులకు నా కడుపులో నిలిచిన మొదటి తిండి అది.

మరుసటి పొద్దున ఆయన మూతికి గుడ్డ కట్టుకుని మళ్ళీ వచ్చాడు. గుడ్డ విప్పి, ఉబ్బిన చిగుళ్ళతో ముద్ద మింగి, “ఇంగ పాపకూ నాకూ ఒగటే తిండిలే అమ్మా” అన్నాడు. అడ్డం వచ్చిన లూకా చిన్నాయనను అమ్మ పక్కకు జరిపి, తలుపు తీసి ఉంచి, లోపలికి పోయి గోడవైపు తిరిగి కూర్చుంది. ఇరవై రెండేళ్లు రోజూ పొద్దున అదే జరిగింది. అమ్మ తలుపు తీసేది, ఆయన ముందు తాను తిని గిన్నె పెట్టిపోయేవాడు. ఆమె ఆయనతో మాట్లాడలేదు. నెల తిరగకముందే నా పాదాల వాపు దిగింది. మూడో నెలలో గోడ పట్టుకుని నిలబడ్డాను. జుట్టు నల్లబడింది.

ఆ తరువాత చిక్కిపోయిన బిడ్డ ఉందని తెలిస్తే ఏ కులం ఇంటికైనా, ఏ మతం ఇంటికైనా ఆయన పోయేవాడు. బూజు వాసన వచ్చే గింజ ఒక్కటి కనిపించినా ఏరి పారేసేవాడు. దోరగా వేయించి, పొట్టు చెరిగి, నూనె తేలేదాకా నూరేవాడు. పచ్చడిగా నూరే ఊరిబిండికి పోసినట్టు నీళ్ళు పోయనిచ్చేవాడు కాదు, పోస్తే పొద్దుకు పాడవుతుందని. పసిబిడ్డకు గింజ గింజగా పెడితే గొంతుకు అడ్డం పడుతుందని తల్లులకు ఒట్టు పెట్టించేవాడు. బుడ్డలు పైత్యమని, గజ్జి లేస్తుందని ఎవరైనా అంటే నన్ను పిలిచి నిలబెట్టి, “ఈ పాపకు యాడుండాది పైత్యం? పాలు లేని ఇంట్లో ఇదే పాలు. మాంసం లేని ఇంట్లో ఇదే మాంసం. మన చేన్లో కాసేదాన్ని నూనెకు అమ్ముకోని మన బిడ్డల్ని పూడ్సుకుంటాండాము” అనేవాడు.

పాత పెద్దరైతు మళ్ళీ కట్టె పట్టమని కబురు పెట్టినప్పుడు ఆయన పోలేదు. ఆ మనుషులు ఆయనను బండి చక్రానికి కట్టి, గొడ్డలి తిరగేసి కుడిచేయి మణికట్టు దగ్గర చితకగొట్టారు. యోసేపును కొట్టిన చేయి అదే, పోతే పోనీ అని ఆయన నాతో అన్నాడు. ఎడమచేత్తో నూరడం నేర్చుకున్నాడు.

ఆయన మెత్తనివాడని ఎవరూ అనుకోవద్దు. బిడ్డ తిండి గిన్నెను కాలితో తన్నిన ఒక తండ్రిని ఆ ఎడమచేత్తోనే గొంతు పట్టి గోడకు గుద్దాడు. వాడి కళ్ళు తేలేసేదాకా వదలలేదు. వదిలాక ప్రార్థన గుడిలోకి పోయి నేల మీద బోర్లాపడి, ఆ దినమంతా లేవలేదు. “ఈ చెయ్యి ఇంగా సావలేదు పాపా” అన్నాడు నాతో. పెద్దనాయనా అని నేను మొదటిసారి పిలిచింది ఆనాడే.

వారం దినాలు జ్వరంతోనే వచ్చిన ఆయన గత బుధవారం గడపకు రాలేకపోయాడు. అమ్మ తలుపు తీసి, పొద్దెక్కేదాకా చూసింది. రెండో రోజూ చూసింది. మూడో రోజు, అంటే శుక్రవారం, పొయ్యి ముట్టించి బుడ్డలు వేయించింది. నూనె తేలేదాకా నూరింది. నన్ను వెంటబెట్టుకుని ఆయన కొట్టానికి నడిచింది. గిన్నె మంచం మీద పెట్టి, పక్కనే కూర్చుని, ముందు తానొక ముద్ద నోట్లో వేసుకుని మింగింది.

పెద్దనాయన పళ్ళులేని నోటితో నవ్వాడు. “నువ్వు ముందు తినే పనిల్యా అమ్మా. నువ్వు విషం పెట్టినా తింటా” అన్నాడు.

“తిను దేవదానప్పా” అంది అమ్మ. ఆమె ఆయన నోట్లో పెట్టిన ముద్ద ఆయన మింగడం నేను కళ్ళారా చూశాను. పాస్టరుగారు ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసపు గిన్నె పట్టుకుని నందికొట్కూరు నుంచి వచ్చేసరికి శ్వాస నిలిచిపోయింది. ఆయన బల్ల ముట్టకుండా పోయాడనేవారికి నా జవాబు ఇదే. యోసేపు భార్య ఆయనతో కూర్చుని తిన్నది, ఆయన తిన్నాడు. మిగిలినది ప్రభువు లెక్క.

సమాధుల తోటలో గట్టిపడిన నేలను గడ్డపారతో పొడిచి గుంత తవ్వింది లూకా చిన్నాయన. ఇంకెవరినీ పార పట్టనివ్వలేదు. మా నాయన పక్కనే తవ్వాడు.

దేవా, ఇలాంటి చేతిని మళ్ళీ మాకు ఇస్తావో లేదో నాకు తెలియదు. నేను నూరగలను, బూజు గింజ ఏరగలను, తల్లులకు చెప్పగలను. కొట్టినవాళ్ళ గడపకే మరుసటి పొద్దున మళ్ళీ పోవడం మాత్రం నాకు చేతకాదు. అది ఆయనతోనే పోయింది.

ఈ పొద్దున కూడా అమ్మ తలుపు తీసే ఉంచింది.