ముసుగేసిన టీవీ

ఆ రోజుల్లో విగ్రహమంటే రాతిదో మట్టిదో అయి ఉంటుందని, మా క్రైస్తవుల ఇళ్లలో దానికి చోటే లేదని నేను నిశ్చింతగా ఉండేవాణ్ణి. ఆ నిశ్చింతను మా పాస్టరుగారు ఒక ఆదివారం పాడుచేశారు. ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలు అప్పుడే మొదలయ్యాయి. "పొద్దున్న లేవగానే మీ మనసు దేని మీదికి పోతాదో అదే మీ ఇంటి విగ్రహం. ఎవరిది వాళ్లు ఎతుక్కోండి" అన్నారాయన. ఆరాధన అయ్యాక మందిరం బయట అదే వెతుకులాట. ఒకాయన తన చుట్ట అన్నాడు. మా అమ్మ చాలాసేపు ఆలోచించి, "నాకు లేవగానే పొయ్యే గుర్తొత్తాది. అదీ విగ్రహవేనేటి?" అని దిగులుపడింది. (ఆ పూట మాకు భోజనం ఆలస్యమయింది.)

నాన్నకి మాత్రం ఆలోచించే పనే లేకపోయింది. మందిరంలో సంఘ పెద్ద కదా, ఇంటికి రాగానే తిన్నగా టీవీని చూపించాడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాగా చేరి, నా మొదటి జీతాలు కూడబెట్టి కొన్న కలర్ టీవీ అది. పైగా ప్రపంచ కప్పు క్రికెట్ జరుగుతోంది. "ఈస్టరు దాకా మూసీండి. ఈలోగా ఈ ఇంట్లో ఎవులు దానికి లొంగినా అమ్మీడవే" అని తేల్చేశాడు. నా ప్రాణం ఉసూరుమంది.

మందిరం బల్ల మీద వాడి తీసేసిన తెల్ల గుడ్డ ఒకటి, సిలువ కుట్టింది, అమ్మ దగ్గర ఉండేది. దాన్నే టీవీ మీద కప్పింది. సాయంత్రం కుటుంబ ప్రార్థనకు చాప మాత్రం పాత అలవాటు కొద్దీ టీవీ ఎదురుగానే పరిచేవాళ్లం. అందరం దాని ముందే మోకరించేవాళ్లం. నేనైతే అందరికన్నా కాస్త ముందుకు జరిగేవాణ్ణి. (ఆపేసిన టీవీలోంచి స్కోరు వినిపిస్తుందన్న ఆశ కాబోలు.)

ఉద్దానం తీరం నుంచి చేపల గంప తెచ్చే ఆవిడను నేను అత్తా అని పిలిచేవాణ్ణి. వాళ్లు హిందువులు. ఒక సాయంత్రం మేం ప్రార్థనలో ఉండగా వచ్చింది. ఆమేన్ అని కళ్లు తెరిచేసరికి, గంప గుమ్మంలో దించి, తలలోని కనకాంబరాలు టీవీ ముందు పెట్టి, చేతులు జోడించి నిలబడి ఉంది.

"ఏటత్తా, ఏటి సేత్తన్నావు?" నేను చాప మీంచి లేచాను.

"మీరు రోజూ దీని కాడే కదా మోకాళ్లేత్తారు. ముసుగేసినారంటే సానా మయిమ గల దేవుడనుకున్నాను. మా పెద్దోడు సంద్రం మీదికి ఏటకెళ్లినాడు, ఇంకా రాలేదు. సల్లగా రావాలని మొక్కినాను. తప్పేటి బాబూ?"

నాన్న వెళ్లి గుడ్డ లాగేశాడు. నల్లటి అద్దంలో తన ముఖం తనే చూసుకుని అత్త, "ఓలమ్మ, టీవీయా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇక అమ్మకం ఖాయమనుకుని నేను గోడకు చేరబడ్డాను. నాన్న మాత్రం గుడ్డ మడిచి అమ్మ చేతికిచ్చాడు. "సెల్లిది తప్పు కాదు. ముసుగేసి, ముందర కూకోని, దీన్ని దేవుణ్ణి సేసింది మనవే" అన్నాడు.

చాప తీయించి గుమ్మం వైపు వేయించాడు. టీవీకి వీపులు పెట్టి, అత్త కొడుకు కోసం అందరం మళ్లీ ప్రార్థించాం. (మర్నాడు వాడు క్షేమంగా ఒడ్డుకు వచ్చాడు. ఆ ఘనత అత్త ఎవరికిచ్చిందో నేను అడగలేదు.) టీవీ ఇంట్లోనే ఉండిపోయింది. ముసుగు లేకపోయినా ఈస్టరు దాకా ఎవరూ మీట నొక్కలేదు.

ఇప్పుడు నాకు నాన్న ఆనాటి వయసు వచ్చింది. ప్రార్థనకు ముందు సెల్‌ఫోను బోర్లా పెట్టి, కంటికి కనబడకుండా చేతిరుమాలు కప్పుతుంటాను. మొన్న ఆమేన్ అని కళ్లు తెరిస్తే, సరిగ్గా దాని ఎదురుగానే మోకరించి ఉన్నాను. కనకాంబరాలే తక్కువ.