ఉప్పునీళ్ళు తాగిన రంపం

మా చిన్నప్పుడు పొద్దున్నే మాకు మెలకువ వచ్చేది ఆకురాయి చప్పుడుకి... వరండాలో అమ్మ పీట వేసుకుని కూర్చుని, నాన్న మిషన్ రంపం గొలుసుకి పదును పెడుతుండేది. ఒక్కో పంటికి మూడు రుద్దులు. ఒకవైపు పళ్ళు కాస్త పొడుగ్గా ఉండిపోయినా కోత వంకర పోతుందనేది.

మాది అండమాన్ పోర్ట్ బ్లెయిర్ లో డాలీగంజ్. నాన్న చెట్లు కొట్టే పని చేసేవారు. కప్పుల మీదికి వాలిన కొమ్మలు, తీగలకి తగిలే కొబ్బరి మట్టలు, ఎండిపోయిన మానులు... ఎవరికి అవసరమైనా నాన్నకే కబురు. చెట్టెక్కడం నాన్నది. కింద తాడు పట్టుకోవడం మార్టిన్ భయ్యాది... ఆయన రాంచీ వైపు మనిషి. సామాను చూసుకోవడం అమ్మది.

శ్రీకాకుళంలో కుట్టుపని నేర్చుకుని వచ్చిన మనిషికి ఈ పని ఎలా అబ్బిందో గాని... సాయంత్రం తాడు ఇంటికి రాగానే ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమి చూసేది. ఎక్కడైనా పోగు లేస్తే ఆ ముక్క కోసి పారేయడమే.

సునామీ వచ్చిన ఆదివారం నాన్న తెల్లారకుండానే హాడో వెళ్ళారు. రేవు దగ్గర ఒక క్వార్టర్ వెనక పాత కొబ్బరిచెట్టు. ముందు పైకెక్కి మట్టలు నరికి, తర్వాత కింద నుంచి రంపంతో కొయ్యాలి. నాన్న పైన ఉండగానే భూమి కదిలింది.

చెట్టు అటూ ఇటూ ఊగిపోయిందట. మార్టిన్ భయ్యా కింద నేల మీద పడిపోయి కూడా "పకడ్కే రహో భయ్యా, ఉతర్నా మత్"... పట్టుకునే ఉండు, దిగొద్దు అని అరుస్తూనే ఉన్నారట. కదలిక ఆగాక నాన్న ఎలా దిగారో ఆయనకే గుర్తు లేదు. తర్వాత కాసేపటికి సముద్రం పైకొస్తోందని జనం పరిగెడుతుంటే, రంపం అక్కడే వదిలేసి ఇద్దరూ గట్టు మీదికి ఎక్కేశారు.

మర్నాడు మార్టిన్ భయ్యా దాన్ని బురదలోంచి తవ్వి తెచ్చారు. గోనె సంచిలో చుట్టి వరండాలో పెట్టి, "భాభీ, ఇది ఇంక పోయింది" అన్నారు.

అమ్మ లోపలికెళ్ళి మంచినీళ్ళ బిందె ఎత్తుకొచ్చింది.

కుళాయిలు రావడం లేదు. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలీదు. ఇంట్లో ఉన్నవి రెండే బిందెలు. నానమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏటే, నీకు మతి పోయిందా? పిల్లలకి దాహమేస్తే ఏటి పోస్తావు?"

"ఒక బిందె ఉంది కదత్తా. ఇప్పుడు ఉప్పు కడక్కపోతే రేపటికి తుప్పు పట్టేస్తాది. కొత్తది కొనాలంటే మనవల్ల అవుతాదా?"

నానమ్మ పక్కకి తప్పుకుంది గాని, ఆ రోజంతా అమ్మతో మాట్లాడలేదు. తమ్ముడూ నేనూ గ్లాసు నీళ్ళు పంచుకుని తాగాం.

అమ్మ ఇంజను ప్లగ్గు విప్పి, రంపాన్ని తలకిందులు చేసి స్టార్ట్ చేసే తాడు లాగితే లోపల నుంచి మురికి ఉప్పునీళ్ళు కారాయి. మంచినీళ్ళతో కడిగింది. తర్వాత కిరసనాయిలుతో. విప్పిన ప్రతి ముక్కా పాత చీర గుడ్డతో తుడిచి నూనె రాసింది. మూడోనాడు మధ్యాహ్నం అది రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది.

చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి చూశారు. నాన్న మాత్రం లోపల గోడవైపు తిరిగి పడుకునే ఉన్నారు. చప్పుడు వినబడలేదనుకోను.

వారం తిరక్కుండానే పని మీద పిలుపులు మొదలయ్యాయి. నాన్న వెళ్ళేవారు... నడుముకి బెల్టు కట్టుకుని, మాను మీద చెయ్యి వేసి నిలబడి, తిరిగి వచ్చేసేవారు. అప్పటికింకా భూమి అడపాదడపా కదులుతూనే ఉంది.

ఒక సాయంత్రం అమ్మ గొలుసు రుద్దుతుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు.

"ఇంక నావల్ల కాదే. చెయ్యి వేస్తే చాలు, చెట్టు ఊగుతున్నట్టే ఉంటోంది."

అమ్మ చెయ్యి ఆపలేదు. "అయితే ఎక్కకండి. కింద నుంచి కొయ్యగలిగినవే కొయ్యండి."

"పై పనికి?"

"మార్టిన్ భయ్యా ఎక్కుతాడు. తాడు మీరు పట్టుకోండి."

నాన్న నీళ్ళు తాగొస్తానని లేచి పెరట్లోకెళ్ళారు. చాలాసేపటి దాకా రాలేదు. అమ్మ నన్ను వెళ్ళనివ్వలేదు.

అలాగే జరిగింది. నేల కుంగి సముద్రం పొలాల్లోకి వచ్చేసిన చోట్ల కొబ్బరీ పోకా నిలువునా ఎండిపోయాయి. అవన్నీ కింద నుంచి కొట్టేవే. నాన్నకి ఏడాదికి పైగా పని దొరికింది. ఈలోగా అమ్మ రంపాన్ని బతికించిందని ఊరంతా పాకింది. నీళ్ళ మోటార్లు, గ్రైండర్లు, డింగీ పడవల ఇంజన్లు... ఉప్పునీళ్ళలో మునిగినవన్నీ "దీదీ, జరా దేఖ్ లో"... కాస్త చూడక్కా అంటూ మా వరండాకి వచ్చాయి.

పని లేని రోజు నాన్న అమ్మ పక్కనే కూర్చుని, విప్పిన బోల్టులు కలిసిపోకుండా స్టీలు కంచాల్లో వరసగా పేర్చేవారు. "అన్నం తినే కంచాల్లో ఇవేటర్రా" అని నానమ్మ రోజూ సణిగేది. నాన్న నవ్వడం మళ్ళీ మొదలుపెట్టింది అప్పుడే.

ఆయన మళ్ళీ ఎప్పుడూ చెట్టెక్కలేదు. ఎందుకని మేమూ అడగలేదు.

ఇప్పుడు అలాంటి భయానికి డాక్టర్లున్నారు, పేర్లున్నాయి... మంచిదే. అప్పుడు మా ఇంట్లో దానికి పేరు లేదు. ఒక మనిషికి ఒక పని చేతకాకుండా పోతే, ఇంకొకరు ఆ పని అందుకుని, ఆయనకి వేరే పని చేతిలో పెట్టేవారు... పెద్ద మాటలేవీ లేకుండా.

మా ద్వీపాల వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే... సునామీ తర్వాత మీ ఇంట్లో ఎవరు ఏ పని మానేశారు, దాన్ని ఎవరు అందుకున్నారు? తెలుగు రాయడం రాకపోతే హిందీలోనే చెప్పండి...