మొక్క ఉండే ఇల్లు

మా చిన్నత్త కోపం మీద మహాకావ్యం రాద్దామని కూర్చున్నాను. అంత లేదు, జరిగింది ఒక్క మధ్యాహ్నమే.

ఆమె మట్టితో గుడ్డుపెంకంత పల్చని చిన్న బొమ్మరిళ్లు చేసి, కాల్చి, లోపల మొక్కలు పెంచేది. మొక్క లేకుంటే అది ఇల్లే కాదనేది. కోపమొస్తే, మట్టి అంటకపోయినా చేతులు కొంగుకు తుడుచుకునేది.

తిరుపతి ప్రదర్శనలో ఆమె ఇల్లొకటి పెట్టింది. ముఖ్య అతిథి వస్తున్నాడని నిర్వాహకుడు అందులోని మొక్కను పీకేసి ప్లాస్టిక్ పువ్వు గుచ్చాడు.

"వాడిపోయుండాది గదమ్మా, ఇల్లు బాగా కనపడాలని తీసేసినా."

చిన్నత్త చేతులు తుడుచుకుంది. "మీ ఇంటికి సుట్టాలొస్తే మీయమ్మను బయటికి నెట్టి, బొమ్మను కూసోబెడతావా అబ్బా?"

అతను నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె చెత్తబుట్టలోంచి మొక్కను తీసి, తడిగుడ్డలో చుట్టుకుని చిత్తూరు బస్సెక్కింది. ఇల్లు అక్కడే వదిలేసింది.

అందులో ఇప్పుడు హాలు తాళంచెవులు పెట్టుకుంటున్నారు.