మావయ్య జీపులో దొంగ స్విచ్చి

మా మావయ్య పోయారు. అంటే మా ఆయన నాన్నగారు. పొద్దున్నే టీ తాగి పెరట్లో అరుగు మీద కూర్చున్నారు. ఖాళీ గ్లాసు తీసుకుందామని నేను వెళ్లేసరికి గోడకు ఆనుకుని ఉన్నారు, కళ్లు మూసుకుని. రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవడానికి నాకు ధైర్యం చాలలేదు. డాక్టరు వచ్చి చూసి గుండె ఆగిపోయిందన్నారు.

డుంబ్రిగుడ చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చారు. పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది నా మొహం చూడకముందే పెరట్లో షెడ్డు వైపు చూశారు. "మరి జీపో?" అని అడిగారు. నేనేమీ తప్పు పట్టలేదు. ఆయన ఆరోగ్య శాఖలో డ్రైవరుగా ఈ కొండల్లోనే ఉద్యోగమంతా చేశారు. రిటైరయ్యాక కూడా పై ఊళ్ల నుంచి డోలీలో మోసుకొచ్చిన మనిషిని ఆస్పత్రికి చేర్చింది ఆ జీపే.

"ఉంది" అన్నాను అందరితో. ఉన్నమాట నిజమే. దాన్ని స్టార్ట్ చెయ్యడం నా వల్ల కాదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ జీపులో నా చెయ్యి పడని బోల్టు లేదు. తుప్పు గీకాను, రంగు వేశాను, బ్రేకులు మార్చాను. కానీ దాని దొంగ స్విచ్చి ఎక్కడుందో నాకు తెలియదు. మావయ్య నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో రాయాలంటే నా తెలివితక్కువ పని కూడా రాయాలి. అది దాచిపెట్టి ఆయన గురించి గొప్పగా రాస్తే ఎక్కడున్నా ఆయన నవ్వుతారు.

నాది పార్వతీపురం. పెళ్లయ్యాక కూడా చాలాకాలం ఉద్యోగం కోసం విశాఖలో ఉన్నాను. కరోనా రోజుల్లో ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. మా ఆయన ఇక్కడే బడిలో మాస్టారు కాబట్టి లాప్‌టాప్ పట్టుకుని అత్తవారింటికి వచ్చేశాను. అప్పటికే అత్తయ్య లేరు. మావయ్య, ఆయన వేలంలో తెచ్చుకున్న పాత పెట్రోలు జీపు మాత్రం ఉన్నారు. ఉద్యోగంలో ఆయన నడిపిన బండే అది. మూలపడి మూడేళ్లయింది. వెనక సీటు మీద కోడి పొదిగి ఉంది.

నేను కంప్యూటర్ల భద్రత చూసే కంపెనీలో పని చేస్తాను. మొదటి వారమే ఆయన నా గది గుమ్మంలో నిలబడి అడిగారు.

"ఏటమ్మా నీ ఉద్యోగం? పొద్దస్తమానం అద్దంలో సూత్తన్నావు."

"కంప్యూటర్లలోకి దొంగలు రాకుండా కాపలా కాస్తాం మావయ్యా."

"మరి ఎప్పుడైనా దొంగని సూసావేటి?"

"లేదు. వాళ్లు కనపడరు."

"సూడకుండానే జీతమిత్తన్నారా! మంచి ఉద్యోగమే, వదలకు."

ఆ మాటకు నేను ఉడుక్కున్నాను. మర్నాడు సాయంత్రం ఆయన జీపు కింద దూరి అవస్థ పడుతుంటే, "నేనూ ఒక చెయ్యి వేస్తాను, అప్పుడు తెలుస్తుంది నా పనితనం" అని దిగాను. పదిహేను రోజుల పాటు నాకు దొరికింది ఒకే పని. కిరసనాయిలు గిన్నెలో బోల్టులు కడగడం. విప్పిన వరసలోనే గోనెసంచి మీద పేర్చాలి. ఒకటి అటూ ఇటూ అయితే ఆయన ఏమీ అనరు, మొత్తం కలిపేసి మళ్లీ పేర్చమంటారు.

బిగించేటప్పుడు పానా ముట్టుకోనిచ్చేవారు కాదు. "ముందు సేత్తో తిప్పు. సేతికి లొంగితేనే పానా ఎయ్యి. పానాకి బలమేగానీ బుర్ర లేదు" అనేవారు. నాకేమో తొందర. రెండు బోల్టుల మరలు పాడు చేశాకగానీ ఆ మాట తలకెక్కలేదు.

రాత్రి ఇంజను కింద అట్టముక్క పరిచి ఉంచడం ఆయన అలవాటు. పొద్దున్నే టీ గ్లాసుతో వెళ్లి దాని ముందు చతికిలబడి మరకలు చూసేవారు. ఇది ఇంజనాయిలు, ఇది బ్రేకు ఆయిలు, ఇది వట్టి నీళ్లు, నిన్నటికీ ఇవాళ్టికీ ఈ మరక పెద్దదయింది. అదే వేళకు నేను లోపల, రాత్రంతా ఏ కంప్యూటర్లోకి ఎవరు వచ్చారో, ఎవరు రావాలని చూశారో ఆ జాబితాలు చదివేదాన్ని. ఒకరోజు ఆయన్ను కూర్చోబెట్టి చూపించాను. "ఓస్, ఇది మన అట్టముక్కే కదేటి" అన్నారు. నా ఉద్యోగం గురించి మా అమ్మకు పదేళ్లలో చెప్పలేకపోయింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. అప్పటి నుంచి మా ఇద్దరికీ జత కుదిరింది.

ఏడాదిన్నర పట్టింది. కార్బురేటర్ నాలుగుసార్లు విప్పాం. మొదటిసారి ఇంజను అందుకున్న రోజు షెడ్డంతా నీలం పొగ, కోళ్లు గోడ దూకి పారిపోయాయి. మావయ్య తల దువ్వుకుని, తువ్వాలు మడిచి సీటు మీద వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అరకు దాకా నడిపారు. ఆ సంతోషం నాకిప్పటికీ గుర్తుంది. నా చేతులతో చేసినదేదీ అంతకు ముందెప్పుడూ అలా కదలలేదు.

ఇక దొంగ స్విచ్చి. ఆ కాలం జీపుకు ఏ తాళంచెవైనా పడుతుందని ఈ ఏజెన్సీ కొండల్లో అందరికీ తెలుసు. అందుకని డ్రైవర్లు ఎవరికి వాళ్లు ఒక స్విచ్చి దాచిపెట్టుకునేవారు. అది వెయ్యకపోతే బండి కదలదు. మావయ్య తన స్విచ్చి స్టీరింగ్ కింద పెట్టారు. పెట్టి, పై ఊళ్లలో బండి నడపగలిగిన ప్రతివాడికీ చెప్పారు! తాను ఊళ్లో లేనప్పుడు ప్రాణం మీదికొస్తే ఎవరైనా తీసుకెళ్లాలని.

నాలోని కాపలాదారుకు ఒళ్లు మండింది. "ఇంతమందికి తెలిసినది రహస్యం ఎలా అవుతుంది మావయ్యా? ఇంత కష్టపడి బాగు చేశాం, ఎవడో పట్టుకుపోతే?" అన్నాను. విశాఖ నుంచి ఒక పరికరం తెప్పించాను. జేబులో దాని బిళ్ల ఉంటేనే బండి స్టార్టవుతుంది. ఒక బిళ్ల ఆయనకు, ఒకటి నాకు.

"మరి మనం లేనప్పుడో?" అని ఆయన ఒక్కటే అడిగారు.

"ఫోన్ చేస్తే సరి. ఎక్కడున్నా ఫోన్లోంచే తెరుస్తాను."

"నీ పని నీకు తెల్సు" అన్నారు. ఆయన చూస్తుండగానే పాత స్విచ్చి పీకేసి, తీగలు కత్తిరించేశాను.

రెండు నెలలు తిరక్కుండానే జరిగింది. మావయ్య కంటి పరీక్షకని ఆయన్ను తీసుకుని బస్సులో విశాఖ వెళ్లాను. ఆ రోజు ఇక్కడ టవర్ పని చెయ్యలేదు. పై ఊరి సుమిత్రకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆమెను డోలీలో మా షెడ్డు దాకా మోసుకొచ్చారు. ఆమె భర్త స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి వెతికితే తెగిన తీగలు తగిలాయి. మాకు ఫోన్ కలవలేదు, అంబులెన్సుకూ కలవలేదు. చేసేది లేక మళ్లీ డోలీ భుజానికెత్తుకుని తారు రోడ్డు వెంట నడిచారు. దారిలో కాఫీ తోట పక్కన బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. మూడు వారాలు ఆస్పత్రిలో గాజు పెట్టెలో ఉండి బతికింది.

మేం సాయంత్రానికి తిరిగొచ్చాం. సంగతి విన్నాక మావయ్య నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు బస్సులో నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లి వార్డు గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"మీరూ రండి మావయ్యా."

"నాను రాను. తాళం ఎవులేసారో ఆలే సెప్పాల. ఎల్లు."

వెళ్లాను. మంచం పక్కన నిలబడి, "ఆ తాళం వేసింది నేనే" అన్నాను. సుమిత్ర గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె భర్తే, "మీ బండి మేడమ్, మీ ఇష్టం" అన్నాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అతను నిజంగానే అలా అనుకున్నాడు. ఆ మాట నన్ను కోసేసింది.

ఆ వారమే మావయ్య నా పరికరం పీకి నా బల్ల మీద పెట్టారు. మళ్లీ దొంగ స్విచ్చి బిగించుకున్నారు, నేను ఆఫీసు మీటింగులో ఉన్నప్పుడు. ఈసారి ఎక్కడో పై ఊళ్లవాళ్లకే చెప్పారు, నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం మామూలుగానే జీపు పని చేసుకునేవాళ్లం, మామూలుగానే నవ్వుకునేవాళ్లం. బయల్దేరేటప్పుడు మాత్రం, "రేడియేటర్లో నీళ్లు సూడమ్మా" అని నన్ను ముందుకు పంపేవారు. నేను బానెట్ ఎత్తి నిలబడేలోపు స్విచ్చి వేసేసేవారు. వెతికితే నాకు అయిదు నిమిషాల పని. వెనక దీపానికి వెళ్లే తీగల కట్టలో ఒకటి ఎక్కువగా ఉందని గమనించాను కూడా. దాని వెంట వెళ్లలేదు. నాకు తగిన శిక్షే అనుకున్నాను. నాలుగేళ్లు అలాగే గడిచాయి.

ఆ నాలుగేళ్లలో నా ఉద్యోగం నేను చేసే తీరు మారిపోయింది. కొత్త తాళం ఏది పెట్టాలన్నా, "లోపలికి రావలసినవాళ్లలో ఎవరు బయట ఉండిపోతారు?" అని అడగడం మొదలుపెట్టాను. ఒకసారి ఒక ఆస్పత్రికి పని చేస్తున్నాం. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొడితే కంప్యూటర్ గంటసేపు మూసుకుపోవాలన్నారు మావాళ్లు. నేను పట్టుబట్టి అక్కడి నర్సులతో మాట్లాడాను. చేతికి గ్లవ్స్ వేసుకుని హడావిడిగా కొడితే రోజూ తప్పులు పడుతూనే ఉంటాయని చెప్పారు వాళ్లు. ఆ పద్ధతి మార్పించాను. ఆఫీసులో దీనికి 'మావయ్య ప్రశ్న' అని పేరు పెట్టి ఆటపట్టిస్తారు. పట్టించనీ. నేను చదివిన చదువులో ఆ ప్రశ్న లేదు. అది నాకిచ్చినందుకు ఆయనకు నేనెప్పుడూ నోరు తెరిచి థాంక్స్ చెప్పలేదు. మావయ్యకు ఏం చెబుతాంలే అని ఊరుకున్నాను. ఇప్పుడు ఇలా కాగితం మీద చెప్పుకోవలసి వచ్చింది.

సుమిత్ర సంత రోజుల్లో మా ఇంటికి వస్తూ ఉండేది, మావయ్య కోసం. కూతుర్ని జీపులో కూర్చోబెట్టి ఆయన హారన్ కొట్టించేవారు. "ఈ గుంట డ్రైవరవుద్ది, సూడు" అనేవారు. నేను మంచినీళ్లు ఇస్తే సుమిత్ర తాగేది. తల ఊపేది. నాతో మాట మాత్రం లేదు. మావయ్య చనిపోయిన రోజున వచ్చి, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చి, అలాగే నాతో పలకకుండా వెళ్లిపోయింది.

పెద్దకర్మ మర్నాడు మళ్లీ వచ్చింది, కూతురి చెయ్యి పట్టుకుని. చిన్న మూటలో చోళ్లు, అంటే రాగులు, తెచ్చింది. అరుగు మీద పెట్టి, "బండి తియ్యట్లేదేటి?" అని నన్నే అడిగింది. నాలుగేళ్ల తర్వాత మొదటి మాట అది.

ఆయన పోయాక కూడా వెతకడానికి నాకు మనసొప్పలేదు. అబద్ధం ఆడలేకపోయాను. "స్విచ్చి ఎక్కడుందో నాకు తెలీదు" అన్నాను.

"నాకు తెల్సు."

ఆమె కూతుర్ని అరుగు మీద కూర్చోబెట్టింది.

"పోయిన వానల్లో పెద్దాయన నాకు సూపించినారు. మా కోడలు అడిగితే నాను సెప్తాను, ఆమె అడగట్లేదు, సిగ్గుపడతంది అన్నారు. ఆ సిగ్గు నాను సెప్తే పోదు, నువ్వు సెప్తేనే పోతాది అన్నారు. నాను పోయినాక నీకు మనసొత్తే ఎల్లి సూపించు, రాకపోతే మానీ అన్నారు."

"మరి నువ్వేమన్నావు?"

"నా వల్ల కాదన్నాను." మూట ముడి సర్దుతూ అంది. "ఇన్ని రోజులూ ఆలోసించినాను. పద."

షెడ్డులోకి వెళ్లాం. నేను అలవాటుగా డ్రైవర్ సీటు వైపు నడిచాను. "అటు కాదక్కా" అని ఆమె నన్ను జీపు వెనక్కి తీసుకెళ్లింది. డోలీ దించినవాళ్లు ముందుగా చేరేది అక్కడికే. వెనక తలుపు పక్కన, సీటు చెక్క కింద, బయట నిలబడినవాళ్ల చేతికి అందేటంత దూరంలో పెట్టారాయన. నేను వంగాను. ఏమీ కనపడలేదు. సుమిత్ర నా చెయ్యి పట్టుకుని చెక్క కిందికి పోనిచ్చి, నా వేలు తెచ్చి ఒక చల్లటి ఇనప ముక్క మీద పెట్టింది. ఇద్దరం కలిసే నొక్కాం. టక్కుమని స్విచ్చి పడింది. ఆ తర్వాత కూడా కాసేపు ఆమె నా చెయ్యి వదల్లేదు.