పెదవుల మీది మాట

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే రాజేశం ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాడు. వారమంతా మగ్గాల మోతలో నిలబడే మనిషికి ఆదివారం ఒక్కనాడు గొంతు తగ్గదు. ఆ మోతలో ఎవరి మాటా వినిపించదు గనుక, షెడ్డు అవతలి మనిషి పెదవులు చూసే సంగతి పట్టేస్తాడు.

ఈ ఆదివారం కోడికూర పొయ్యి దిగింది. గడపలో కూర్చుని కొడుకు సైకిలుకు చైను ఎక్కిస్తున్న రాజేశానికి, వాకిట్లో ఎనిమిదేళ్ల కూతురు అక్షిత తమ్ముడితో గుసగుసలాడటం కనిపించింది. "గిన్నెలోంచి నా లెగ్ పీసు తీసి కుక్కకేసిన. అవ్వకు చెప్పకురా." అతను ఏమీ ఎరగనట్టు చేతుల నూనె తుడుచుకుని కంచం ముందు కూర్చున్నాడు. పిల్లలు అవ్వా అని పిలిచే అతని భార్య సుజాత గిన్నెలో గరిటె తిప్పి, "ఇంకో లెగ్ పీసు ఏది?" అంది. అక్షిత తల దించుకుంది. "నేనే తిన్న," అన్నాడు రాజేశం, వాడకట్టంతా వినబడేలా. "పోరగాండ్లకన్న నీకే తొందరెక్కువ," అంటూ సుజాత అతని కంచంలో మెడముక్క ఒక్కటే వేసింది. అక్షిత మెల్లగా తలెత్తింది. అతను చప్పుడు లేకుండా పెదవులు కదిపాడు: "వచ్చే ఐతారం నాకు పెట్టు." ఆ పిల్ల కూడా గొంతు రానీయకుండా, "సరే బాపు," అంది. మెడముక్క చప్పరిస్తున్న రాజేశానికి ఆ మాట బాగానే వినబడింది.