తలనీలాలకు ముందు తీసిన ఫోటో

యుద్ధం రోజుల్లో ఫోటో ప్లేట్లు దొరకడమే గగనం. తిరుపతిలో మా స్టూడియోలో ఆ ఎండాకాలం మిగిలింది ఒకే ఒక్క గాజు ప్లేటు. మా ఆయన దాన్ని ఎవరికీ వాడకుండా దాచాడు. ఒక పొద్దున సినిమా నటి ఒకామె వాళ్లమ్మతో వచ్చి గుమ్మంలో నిలబడేసరికి ఆ పిసినారితనమంతా ఎగిరిపోయింది.

పాకాల పక్క పల్లెలో పుట్టి మద్రాసు చేరిన పిల్ల. సన్నిపాత జ్వరం నుంచి కూతురు బతికితే దాని తలనీలాలు ఇప్పిస్తానని వాళ్లమ్మ మొక్కుకుందట. ఆ పూటే కొండెక్కాలి.

"జుట్టు మళ్లా పెరిగేదాకా కంపెనీవాళ్లకు సూపించేదానికి ఇదొక్కటే దిక్కక్కా. లేకుంటే నన్ను మరిసేపోతారు," అంది నాతో.

మోకాళ్లదాకా జుట్టు. నేనే దువ్వి, మద్రాసు పత్రికల్లోలా ఒక భుజం మీదుగా వదిలాను. పెదాలు మెరవడానికి చిటికెడు నెయ్యి రాశాను. మా ఆయన స్టూడియో గాజు పైకప్పు కింద కూర్చోబెట్టి, వెలుగు మొహం మీదికి మళ్లేలా నా చేత తెల్లదుప్పటి పట్టించి ఫోటో తీశాడు. నిజం చెప్పొద్దూ, నాకు అసూయ వేసింది.

ప్లేటు కడగడం నా పని. ఎండాకాలంలో కడవలో చల్లబడిన నీళ్లే వాడాలి. లేకపోతే గాజు మీది పూత ఊడిపోతుంది. కానీ అలిపిరికి నడిచిపోయే జనం గోవిందా అంటూ వాకిట్లో దాహమడిగితే లేదనే అలవాటు మా ఇంట్లో లేదు. ఆ రోజు కడవంతా పోసేశాను. ఆఖరి చెంబు ఆ తల్లీకూతుళ్లే తాగి వెళ్లారు. చీకటిగదిలో ప్లేటు మందులో ఉండగా ఆ సంగతి గుర్తొచ్చింది. తొట్టి నీళ్లలో చేయి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి. ఏమవుతుందిలే అని పోసేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కళ్ల ముందే పూత మీగడలా ముడతపడి జారింది. మొహం నిలిచింది. చెవి పక్క ఒక పాయ తప్ప జుట్టంతా పోయింది. మళ్లీ తీయడానికి ప్లేటు లేదు, రేపటికి ఆమెకు జుట్టూ ఉండదు.

మా ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "కుంచె తీసుకోమే. జుట్టు దిద్దేయ్. ఎవురికి తెలస్తాది?" అన్నాడు. మరునాడు పొద్దుటి నుంచి కూర్చుని, అచ్చు తీసిన ఫోటోలో పూత పోయినచోట పడ్డ నల్లమరకను బ్లేడుతో గీకి, నల్లసిరాతో వెంట్రుక వెంట్రుకా గీశాను.

సాయంత్రం తల్లీకూతుళ్లు కొండ దిగొచ్చారు. ఆమె గుండు నిండా చందనం, పైన కొంగు. "కత్తి కింద కూసున్నా కంట నీళ్లు పెట్లేదు నా బిడ్డ," అంది తల్లి. ఫోటో చూసి, "అచ్చం అట్నే ఉండాది!" అని మురిసిపోయింది. కూతురు మాత్రం ఎంతసేపటికీ ఫోటో మీంచి చూపు తిప్పలేదు.

"నా పాపిట రోంత వంకరక్కా. దీంట్లో నేరుగా ఉండాది."

దువ్విన చేయి నాదే, ఆ వంకర నేను చూడనేలేదు. ఇక దాచలేక జరిగిందంతా చెప్పేశాను. తల్లి శాపనార్థాలు అందుకుంది.

"ఊరుకోమా," అని ఆమె నావైపు తిరిగింది. "ఆ ప్లేటు యాడుండాది?"

తెచ్చి ఇస్తే కిటికీ వెలుగుకు పట్టుకుంది. ప్లేటులో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా కనిపిస్తాయి. చెవి పక్క మిగిలిన ఆ తెల్లని పాయను వేలితో తడిమి, భోరుమని ఏడ్చింది.

"నువ్వు గీసింది కంపెనీకిస్తా," అంది చివరికి కళ్లు తుడుచుకుంటూ. "ఇది నాకియ్యి. ఇది నాది."

పాత చీరముక్కలో చుట్టి ఇచ్చాను.